తాడు

మా నాన్న ముర్జాకాన్ తమ్ముణ్ణి చంపాడు.
ఇదేం దాచే సంగతి కాదు.
మా స్వానేతి లోయలో పాలు పితికే పిల్లలకి కూడా తెలుసు
ఏ ఇల్లు ఏ ఇంటికి ఎంత నెత్తురు బాకీయో.

బార్లీ చేను గట్టు దగ్గర మొదలైంది,
రెండు బారల నేల.
పోయిన అబ్బాయి పేరు గెలా. పందొమ్మిదేళ్ళు.
ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మా నాన్న
రాతి బురుజులోనే పడుకున్నాడు,
నిచ్చెన పైకి లాగేసుకుని.
నేను పుట్టింది అందులోనే.
వెలుగంటే నాకు
తుపాకీ గొట్టం పట్టేంత కన్నం.

ముర్జాకాన్ చర్చిలో గంట కొట్టేవాడు,
రాలిన కొవ్వొత్తి మైనం గీకి మళ్ళీ కరిగించేవాడు.
సాయంత్రాలు చాంగి వాయించేవాడు.
గుర్రపు వెంట్రుకల తీగలు, ఒళ్ళో పట్టేంత చెక్క.
తమ్ముడు పోయాక ఒకటే పాట, గెలా వాయించే పాట.
అది గాలివాటున మా బురుజు దాకా వచ్చేది.
అమ్మ లేచి కన్నాల్లో గడ్డి కుక్కేది.

శ్రమల వారం, గురువారం.
ఉప్పు కోసం కనుమ దాటిన నాన్న తిరిగి రాలేదు.
మధ్యాహ్నం మంచు మొదలైంది,
చీకటి పడేసరికి చాచిన చెయ్యి చాచినవాడికే కనపడలేదు.
అమ్మ ఎవరి తలుపు తడుతుంది?
గంట ఎవరి దగ్గరుందో ఆ తలుపే తట్టింది.

అతను తీశాడట. మనిషిని చూశాడట.
చాలాసేపు ఏమీ అనలేదట.
"ఏ వైపు నుంచి వస్తాడు?"
అంతే. టోపీ కూడా మర్చిపోయి నడిచాడట.

గంట మోగింది.
నాకు ఏడేళ్ళు. వంద దాకే లెక్క వచ్చు.
వంద అయ్యాక మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి,
తోటలో శిష్యులు ముగ్గురూ నిద్రపోయిన రాత్రి అది,
నేను మాత్రం పోలేదు.
చేతితొడుగు చిరిగిపోయిందట, వట్టి చేత్తో లాగాడట.
తడిసిన తాడు గడ్డకట్టి ఇనుపకడ్డీ అయిందట.

తెల్లారుతుంటే నాన్న వచ్చాడు,
ఉప్పుమూట ఎక్కడో పారేసి,
గుడ్డివాడు గోడ పట్టుకున్నట్టు
ఆ చప్పుడు పట్టుకుని.
తాడుకి అంటుకుపోయిన చేతిని
నాన్నే విడదీశాడు. నోటి ఆవిరితో,
ఒక్కో వేలి మీదా ఊదుతూ,
ఇద్దరిలో ఎవరూ మాట్లాడకుండా.

మూడు వేళ్ళు దక్కలేదు.

చర్చి గోడ మీద పాతకాలపు క్రీస్తు.
చెమ్మకి సున్నం రాలి
ఆశీర్వదించే ఆ చేతికీ వేళ్ళు లేవు.
ఈయన కూడా ఎవరి కోసమో
రాత్రంతా తాడు లాగాడేమో అనుకునేదాన్ని.
ఆ మాట పాదిరిగారికి చెబితే
ఆయన చాలాసేపు ముక్కు తుడుచుకున్నారు.

పదిహేనేళ్ళప్పుడు అడిగాను:
"మా నాన్నని క్షమించావా?"
కట్టెలు పేరుస్తున్నాడు, ఆపలేదు.
"అది నాకింకా తెలీదమ్మాయ్.
సగం రాత్రి వాణ్ణి తిడుతూనే లాగాను.
మిగతా సగం తిట్లు కూడా గుర్తు రాలేదు, చలికి.
తాడు మాత్రం వదల్లేదు.
ఆ పై లెక్క ఆయన్నే చూసుకోమన్నాను."

ఆ చలికాలమే
గోడకి వేలాడుతున్న చాంగి దించి నా ఒళ్ళో పెట్టాడు.
తీగలు వదులై, సాలీడు గూడు కట్టి ఉంది.
పాట గొంతుతో చెప్పేవాడు,
తాళం మొండివేలితో నా మణికట్టు మీద.
పాట మొత్తం వచ్చిన రోజు
నాన్న వాకిట్లో కట్టెల మోపు మీద కూర్చున్నాడు,
రమ్మంటే లోపలికి రాలేదు, పొమ్మంటే పోలేదు.

నాలుగో తీగ దగ్గర
ఇప్పటికీ తప్పుతాను.
మళ్ళీ మొదటికి వెళ్ళబోతే ముర్జాకాన్ చెయ్యి అడ్డుపెడతాడు.
"దిద్దకు," అంటాడు,
"అక్కడ వాడూ తప్పేవాడు."